రెండు వేళ్ల సందు

ఎడమ చెయ్యి పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి, రోసెందో మెడ తిప్పి అద్దంలోకి చూసుకుంటున్నాడు. వీపు కనపడలేదు. వెనకాల మంచం మీద ఆనించి పెట్టిన రెండో అద్దంలో మొదటి అద్దం కనపడింది, అందులో తన చెవి కనపడింది, గోడకున్న క్యాలెండరు కూడా పక్కకి ఒరిగి కనపడింది. కావలసింది మాత్రం కనపడలేదు. ఎవరి వీపు వారికి కనపడదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కానీ ఈ మనిషికి ఆ మాట మూడేళ్లుగా మింగుడు పడటం లేదు.

"ఏం చేస్తోందే?" అని అడిగాడు.

పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టెలు తడుతున్న ఎర్లిందా లేచి వచ్చింది. పాతికేళ్ల కాపురం ఆమెది, ఈ ప్రశ్న ఎవరి గురించో చెప్పక్కర్లేదు.

"ఏం చేస్తుంది, నిన్న చేసిందే చేస్తోంది. బయటికొస్తోంది."

"ఎంత?"

"సరిగ్గా మూయని సొరుగంత." పిండి చేతులు అంటకుండా మోచేత్తో అతని వీపు మీద రెక్క ఎముక అంచు తట్టింది. "ఇదిగో, ఇక్కడ. ఎత్తేటప్పుడు బుద్ధిగానే ఉంటుంది. దించేటప్పుడే టపీమని లేస్తుంది."

"దించేటప్పుడా? దించేటప్పుడెందుకు లేస్తుంది?"

"నన్నడిగితే? నేను చేసుకున్నది మనిషిని గానీ ఎముకల్ని కాదు. జావ చల్లారిపోతోంది, రావయ్యా."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. రోసెందోకి ఆ లెక్కన ఊరంతా లోకువే. సున్నంలో నీళ్లు పోస్తే ఎందుకు ఉడుకుతుంది, అగ్నిపర్వతం పొగ పొద్దున ఒక వైపుకీ సాయంత్రం ఇంకో వైపుకీ ఎందుకు వాలుతుంది, కుంటి కుక్క పరిగెత్తేటప్పుడు ఎందుకు కుంటదు. అతను నిచ్చెన భుజాన వేసుకుని వీధిలోకి వస్తుంటే సరదాకి గుమ్మాలు మూసేవాళ్ళు కూడా ఉన్నారు. యాభై ఒక్కేళ్ళ మనిషి, గోడలకు రంగులేసే పని, కనుబొమల్లో ఎప్పుడూ ఆరిపోయిన సున్నపు చుక్కలు. ముందు నుంచి చూస్తే కుడి భుజం ఒక మెట్టు మీద, ఎడమ భుజం దాని కింది మెట్టు మీద ఉన్నట్టుంటుంది. ఎడమవైపు మెడ కింది ఎముక మధ్యలో చింతగింజంత గడ్డ.

మూడేళ్ల కిందట ఒక మేడ చూరుకి రంగేస్తూ నిచ్చెనతో సహా ఎడమ భుజం మీద పడ్డాడు. ఎండుపుల్ల విరిగినట్టు వినపడింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "ఆపరేషన్ అక్కర్లేదు. ఈ ఎముక రెండు ముక్కల్నీ ఒక గదిలో పడేస్తే వాటంతటవే అతుక్కుంటాయి," అన్నాడు. రెండు చంకల కిందుగా ఎనిమిది అంకె ఆకారంలో పట్టీ కట్టారు. ఆరు వారాలకి నిజంగానే అతుక్కుంది. కాకపోతే ఒక ముక్క ఇంకో ముక్క మీదికెక్కి అతుక్కుంది. ఎముక బొటనవేలి మందం పొట్టిదైంది. "అతికింది, వెళ్ళి పని చేసుకో," అన్నారు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, వెనక్కి తిరిగి చొక్కా విప్పమని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పుడు తలకన్నా ఎత్తున పది సార్లు కుంచె ఆడించేసరికి చెయ్యి సీసంలా బరువెక్కుతుంది. వీపు మీద రెక్క ఎముక టిక్కు టిక్కుమంటుంది. పై గోడలన్నీ కుడి చేత్తోనే లాగించేస్తున్నాడు. అదంతా ఎలాగో సర్దుకున్నాడు. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది, దానికి ఇవాళ సాయంత్రమే ముహూర్తం.

ఇవాళ స్వామి పల్లకీ మోసేవాళ్ళ సంఘం గదిలో భుజాల కొలత.

ఈస్టరుకి ముందు తపస్సుకాలంలో సిలువ మోసే స్వామిని ఊరేగించే పల్లకీ ఇంటి వసారా అంత ఉంటుంది. ఒక్కో పక్క నలభై మంది చొప్పున ఎనభై మంది భుజం పెడితే గానీ కదలదు. వీధి చివరికి రాగానే ఆ ఎనభై మందీ తప్పుకుంటారు, మరో ఎనభై మంది దూరతారు. పొద్దున గుడి దాటిన స్వామి మళ్ళీ గుడి చేరేలోగా వందకు పైగా విడతలు మారతాయి. ఎవరు ఏ విడతలో మొయ్యాలనేది పలుకుబడి చూసి కాదు, భుజం ఎత్తు చూసి తేలుస్తారు. ఒకే ఎత్తు భుజాలున్న వాళ్ళంతా ఒకే విడత.

ఆ కొలతలో ఒక చిన్న పొరపాటుంది. సంఘం పుట్టినప్పటి నుంచీ అందరికీ కుడి భుజాన్నే కొలుస్తారు. దేవుడు మనిషికి రెండు భుజాలూ సమానంగానే ఇచ్చాడు కదా, రెండూ కొలిచి పొద్దు పుచ్చడం దేనికని వాళ్ళ లెక్క. రోసెందో నిలబడేది పల్లకీకి కుడి వరుసలో, అంటే బరువు పడేది ఎడమ భుజం మీద. పడిన దగ్గర్నుంచీ అతను మంచి భుజం కొలిపించుకుని, చెడ్డ భుజం పెట్టి, ఇరవై రెండో విడతలో తన పదకొండో స్థానంలోనే నడుస్తున్నాడు. నడుస్తున్నాడంతే, మోయడం లేదు. పల్లకీ దూలానికీ అతని భుజానికీ మధ్య రెండు వేళ్ల సందు.

మొదటి ఏడు ఆ సందులో తువ్వాలు మడిచి పెట్టాడు. సగం వీధిలో అది మోసేవాళ్ళు తొడుక్కునే ఊదా అంగీలోంచి జారి నడిరోడ్డు మీద పడింది. ఎవరి పిల్లాడి గుడ్డో అనుకుని జనం నవ్వారు. ఆ తర్వాత పెట్టలేదు. భుజాన్ని బలవంతాన పైకెత్తి ఆనిద్దామని చూస్తే పది అడుగులకే వెనక ఎముక చూరుకు గబ్బిలంలా లేచి వేలాడేది. చెబితే స్థానం పోతుంది. ఇరవై ఏడేళ్ల స్థానం, ముందూ వెనకా ఇరవై ఏడేళ్లుగా తెలిసిన మనుషులు. అందుకని చెప్పలేదు. ఎనభై మందిలో ఒకడు మోయకపోతే ఏమవుతుంది, వాడి వంతు మిగతా డెబ్భై తొమ్మిది మందీ తలా చెంచాడు పంచుకుంటారని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

సర్దిచెప్పుకున్నాడు గానీ, ప్రశ్నలు అడిగే జబ్బున్నవాడికి ఆ జవాబు చాల్లేదు.

పొద్దున పని గుడి వెనక వీధిలో, పసుపు గోడ. పండగ ముందు ఊళ్ళో ఇంటివాళ్ళందరికీ ఒక్కసారే గోడలు గుర్తొస్తాయి. కింది సగం పూర్తయ్యాక రోసెందో ఇంకా తడవని పై గోడకి రెండు అరచేతులూ ఆనించి, మోచేతులు వంచకుండా, వీపు గూనిలా పొంగేదాకా నెట్టడం మొదలుపెట్టాడు. రెక్క ఎముక కింద నిద్రపోతున్న కండని లేపడానికి కండలకి కసరత్తు చేయించే చికిత్స గదిలో నేర్పిన విద్య అది. రోజుకి ముప్పై సార్లు మూడు విడతలు.

మామిడికాయ ముక్కలమ్మే ఆవిడ బండి ఆపింది. "గోడ పడిపోతుందనా, రోసెందో, పట్టుకున్నావు?"

"నేను పడిపోకుండా అదే నన్ను పట్టుకుందమ్మా."

"అయితే గట్టిగా పట్టుకోమను. నువ్వు పడ్డప్పుడు నాకు మూడు రోజులు బేరం లేదు, ఊరంతా నిన్ను చూడ్డానికే పోయింది," అని బండి తోసుకుంటూ పోయింది. గోడ మీద మిగిలిన రెండు అరచేతుల అచ్చుల మీద రోసెందో పసుపు పూసేశాడు.

మధ్యాహ్నం అన్నానికి ముందు సంతలో మాంసం కొట్టు దగ్గర ఆగాడు. కొట్టు చోనాది, ఊళ్ళో అందరూ మర్యాదకి దోన్యా చోనా అంటారు. పెద్ద శరీరం, చిన్న కళ్ళు, మోచేతుల దాకా రక్తం, చెవులకు బంగారు పోగులు.

"రా. ఇవాళేంటి ప్రశ్న?" అంది కత్తి నూరుకుంటూ.

"ఎద్దు రెక్క ఎముక చూడాలి. కాలుతో సహా ఉన్నది."

ఆవిడ కొక్కెం నుంచి ముందు కాలొకటి దించి బల్ల మీద ధన్‌మని పడేసింది. రోసెందో వంగి చూశాడు. పల్చగా, వెడల్పుగా, గరిటెలా ఉన్న ఎముక. ఒక అంచు చేత్తో తడిమాడు. తన వీపు మీద ఉన్నది కూడా ఇలాంటిదేనన్నమాట. వేలితో దాన్ని అటూ ఇటూ కదిపి చూస్తుంటే పక్క కొట్టువాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

"మరి మెడ కింది ఎముకేది?"

"ఎద్దుకి అది ఉండదు."

రోసెందో నిటారుగా లేచాడు. "ఉండదా? మరి ముందు కాలు ఒంటికి దేనితో తగిలించి ఉంటుంది?"

"దేనితోనూ లేదు. కండతోనే. అందుకే ముందు కాలు విడదియ్యాలంటే నేను ఎముక కొట్టక్కర్లేదు, కత్తి చాలు. ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా."

"ఎద్దుకి అక్కర్లేనిది నాకెందుకు పెట్టాడు దేవుడు?"

"ఎద్దు ఎవర్నీ కౌగిలించుకోదుగా," అంది చోనా. "చేతులు చాచేవాడికే ఆ అడ్డకర్ర కావాలి. అది పొట్టిదైతే చేతులు దగ్గరికొస్తాయి. అంతేగా నీ గొడవ?"

రోసెందో తన మెడ కింది గడ్డని ఒకసారి తడుముకున్నాడు. ఆసుపత్రి చెప్పలేనిది మాంసం కొట్టు చెప్పినందుకు అతనికి లోపల్లోపల భలే సంతోషంగా ఉంది. అప్పుడతని చూపు దూలానికి వరసగా వేలాడే కొక్కేల మీద పడింది. ఒక పెద్ద మాంసపు ముక్క నాలుగు కొక్కేలకి తగిలించి ఉంది.

"దోన్యా చోనా, ఈ నాలుగింట్లో ఒకటి వదులైతే ఆ బరువు ఎటు పోతుంది? మిగతా మూడూ సమానంగా పంచుకుంటాయా?"

"పంచుకోడానికి అవేమైనా అన్నదమ్ములా? పక్కదాని మీద పడుతుంది." కత్తి మొనతో చూపించింది. "ఈ చివరిది మొన్న వదులైంది. దాని పక్కది చూడు, ఎలా వంగిందో. అటు చివరున్నది కులాసాగా ఉంది. దానికి అసలు సంగతే తెలీదు."

రోసెందో వంగిన కొక్కేన్ని వేలితో తాకి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ అర్ధసేరు తునకలు ఆకులో చుట్టి ఇస్తే ఎందుకిచ్చిందో అడగను కూడా అడగలేదు. చోనాకి అది వింతగా అనిపించింది.

మూడింటికి చికిత్స గది. యెసెనియా అనే ముప్పై ఏళ్ల పిల్ల చూస్తుంది అక్కడ. డాక్టరమ్మా అని పిలిస్తే "నేను డాక్టర్ని కాదండీ" అంటుంది, అయినా అతను మానడు. రెండు నెలలుగా వారానికోసారి వస్తున్నాడు. ఇవాళ ఆమె మొహం వెలిగిపోతోంది.

"దోన్ రోసెందో, మీకోసం ఒకటి కొన్నాను. చొక్కా విప్పి ఇటు రండి."

మూలలో దర్జీలు పెట్టుకునే మూడు రెక్కల నిలువుటద్దం ఉంది. ఏదో కొట్టు మూతపడితే పాత సామాను బేరంలో తెచ్చిందట. రెండు పక్కల రెక్కలూ లోపలికి తిప్పి, అతన్ని మధ్యలో నిలబెట్టి, గడ్డం పట్టుకుని మొహాన్ని ఒక పక్కకి తిప్పింది.

"చూడండి. ఇప్పుడు చెయ్యి ఎత్తి, మెల్లిగా దించండి."

రోసెందో చూశాడు. అతని వీపు అక్కడుంది. వెన్నుకి కుడివైపు రెక్క ఎముక పక్కటెముకల మీద చదునుగా అంటుకుని బుద్ధిమంతుడిలా జారుతోంది. ఎడమది కిందికీ ముందుకీ వాలి ఉంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆలస్యంగా బయల్దేరింది. దించేటప్పుడు భుజం ఎత్తు దాటగానే లోపలి అంచు చర్మాన్ని పొడుచుకుని లేచింది, ఒక్క క్షణం అలా నిలబడి, టక్కున సొరుగులోకి వెళ్ళిపోయింది. ఎర్లిందా చెప్పింది అక్షరాలా నిజం. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. పదిసార్లు చేశాడు. మూడేళ్లుగా తన వీపెక్కి తిరుగుతున్న మనిషిని మొదటిసారి మొహాన చూసినట్టుంది అతనికి.

"అదా," అన్నాడు. "అదా నువ్వు."

యెసెనియా నవ్వలేదు. వేలితో చూపిస్తూ చెప్పింది. ముందున్న ఎముక గుంజలాంటిది, భుజాన్ని మనిషికి దూరంగా నిలబెడుతుంది. గుంజ పొట్టిదైంది కాబట్టి భుజం లోపలికీ ముందుకీ జారింది. భుజం జారితే దాన్నంటుకున్న రెక్క కూడా తిరిగిపోయింది. దాన్ని పక్కటెముకలకి అదిమి పట్టుకోవలసిన కండ అలిసిపోయి చేతులెత్తేసింది.

"మరి ఇన్నాళ్లూ చెయ్యి లేస్తూనే ఉందిగా? ఆ కండ పని ఎవరు చేస్తున్నారు?"

ఆమె అతని మెడ పక్కన రాయిలా బిగిసిన చోట బొటనవేలు పెట్టి నొక్కింది. అతనికి కళ్ళల్లో నీళ్లు తిరిగాయి.

"ఇది. ఇది చెయ్యాల్సిన పని కాదు అది. పక్కన ఉంది కాబట్టి దాని మీద పడింది. చెప్పుకోడానికి నోరు లేదుగా, గట్టిపడి ఊరుకుంది."

"అన్ని కండలూ తలా కాస్త పంచుకోవా, డాక్టరమ్మా?"

"అంత న్యాయం ఎక్కడుందండీ. పక్కన ఎవరుంటే వాళ్ళే."

రోసెందో అద్దంలో తన మెడ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అడగవలసింది అడిగాడు, భుజం మళ్ళీ పైకి వస్తుందా అని. యెసెనియా తిన్నగా చెప్పింది. కండ లేస్తుంది, నొప్పి తగ్గుతుంది, గోడని నెట్టడం మానకపోతే ఏడాదిలో పై గోడలకి కూడా ఎడమ చెయ్యి వాడొచ్చు. ఎముక మాత్రం పొడుగవదు, ఎత్తు రాదు.

"స్వామిని మోయొచ్చా?"

"మోయొచ్చు. మీ భుజానికి తగ్గ ఎత్తులో అయితే. ఎత్తి, సాగదీసి మోస్తే మాత్రం నేను ఒప్పుకోను."

అయిదింటికి సంఘం గది నిండిపోయింది. ధూపం వాసన, చెమట వాసన. మందపాటి చొక్కాలతో ఎత్తు పెంచుకునే ఘనులుంటారని మొదటి నుంచీ చొక్కా విప్పే కొలుస్తారు. టోపీలూ చొక్కాలూ చేత పట్టుకుని మగవాళ్ళంతా గోడ వెంట వరసగా నిలబడ్డారు. ఆ చివర బల్ల, బల్ల పక్కన గీతలు గీసిన నిలువు కర్ర, దానికి పైకీ కిందికీ జరిగే అడ్డపట్టీ. కొలిచేవాడు దోన్ ఉబాల్దో. అతని తండ్రి కూడా ఇదే కర్ర దగ్గర నిలబడి కొలిచాడు.

"ఈ ఏడు గాలి మోసేవాళ్ళు ఎంతమందో," అన్నాడు వరసలో ఎవడో. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రోసెందో చెయ్యి భుజం మీదికి పోయింది. వాడన్నది రోసెందోని కాదు, నిరుడు వాన మధ్యలో పారిపోయిన కుర్రాళ్ళని.

రోసెందో ముందు మాక్లోవియో నిలబడి ఉన్నాడు. రొట్టెల బట్టీ మనిషి, పొట్ట మీద వెంట్రుకల్లో కూడా పిండి. రోసెందో కూతురికి జ్ఞానస్నానంలో పక్కన నిలబడిన దగ్గర్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు కంపాద్రె అని పిలుచుకుంటారు. కొలత వరసలో మాక్లోవియో ముందు, ఊరేగింపు వరసలో వెనక. పన్నెండో స్థానం అతనిది.

పొద్దున్నుంచీ ఎముకలే చూస్తున్న కళ్ళు కదా, రోసెందో ఊరుకోలేక ఆ వరసలోని వీపులన్నీ చదువుతున్నాడు. ఒకడి రెక్కలు కోడిపిల్లవి, ఒకడివి కొవ్వులో మునిగిపోయాయి. ఎదురుగా మాక్లోవియో వీపు. దాని మీద చూపు ఆగిపోయింది. ఎడమ భుజం పైన కండ గుంటపడింది. గుంట పక్కన చర్మం మీద అడ్డంగా ఒక నల్లటి మచ్చ, దూలం అంచంత వెడల్పు.

"కంపాద్రే, ఎడమ చెయ్యి పైకెత్తు."

"ఎందుకు, పాఠం చెబుతావా?"

"ఎత్తవయ్యా, చూస్తాను."

మాక్లోవియో గొణుక్కుంటూ ఎత్తాడు. చెయ్యి రొమ్ము ఎత్తుకు వచ్చి ఆగింది. ఆపైన చెయ్యి రాలేదు, భుజమే చెవి దాకా లేచింది.

"ఎప్పట్నుంచి?"

"ముసలితనం వచ్చినప్పట్నుంచి."

"రొట్టెల గంప కుడి చేతికి మార్చావని ఎర్లిందా అంటే నేను నమ్మలేదు. ఎప్పట్నుంచి, కంపాద్రే?"

మాక్లోవియో ముందుకి తిరిగి నిలబడ్డాడు. "నిరుటి నుంచి."

రోసెందోకి నిరుడు కళ్ళ ముందు ఆడింది. మూల మలుపులో నీళ్లకాలువ దాటుతుంటే పల్లకీ కుడివైపుకి ఒరిగింది. వెనకాల టప్‌మని ఒక చప్పుడు వినపడింది. పల్లకీ చెక్కేదో అదిరిందనుకున్నాడు అప్పుడు. నాలుగడుగుల తర్వాత అంతా సర్దుకుంది, తనూ పాటలో పడిపోయాడు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఆ రోజు విడత దిగాక, బాగా మోశావంటే పూలమాల కూడా తనే వేయించుకున్నాడు.

"కాలువ దగ్గరేనా?"

వరస ఒకడుగు జరిగింది.

"నీకు తెలుసా?" అన్నాడు రోసెందో. "నా భుజం ఆనడం లేదని?"

"నీ వెనకేగా నిలబడేది." మాక్లోవియో ఇటు తిరక్కుండానే, టోపీ అంచు వేళ్లతో తిప్పుకుంటూ చెప్పాడు. "నీ భుజానికీ దూలానికీ మధ్య సందులోంచి నాకు ఎదుటి మేడల కిటికీలు కనపడతాయి. మూడేళ్ల నుంచి చూస్తున్నా. బాగానే ఉంటాయి."

"మరి చెప్పి చావవేం?"

"చెబితే నువ్వు పోతావు. ఆ చోట్లోకి ఎవడో మూగమొద్దు వస్తాడు. వీధి పొడుగునా నువ్వు అదెందుకు, ఇదెందుకు అని వాగుతూ ఉంటే బరువు తెలిసేది కాదు నాకు. ఇరవై ఏడేళ్ల అలవాటు." కాస్త ఆగి అన్నాడు. "నేనేమైనా అడిగానా నిన్ను? నువ్వూ అడక్కు."

రోసెందోకి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో ప్రేమతో వచ్చిందో అతనికే తెలియలేదు, బహుశా రెండూ కలిసే వచ్చి ఉంటాయి. జీవితంలో మొదటిసారి అతనికి అడగడానికి ఏమీ మిగల్లేదు.

మాక్లోవియో కొలత అయింది. నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు. ఎప్పటిలాగే ఇరవై రెండో విడత. ఉబాల్దో స్థానానికొకటి చొప్పున ఆ విడత చీటీలు బల్ల మీద వరసగా పేర్చుకుని, పన్నెండో దాని మీద పేరు రాశాడు.

"రా రోసెందో. కుడి భుజం పెట్టు."

రోసెందో కర్రకి అటువైపు తిరిగి ఎడమ భుజం పెట్టాడు.

"ఇది కాదు, అది."

"మోసేది దీంతో."

"కొలిచేది దాన్ని."

"ఎందుకు దాన్నే?"

ఉబాల్దో కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. నలభై ఏళ్లలో ఎవరూ వెయ్యని ప్రశ్న అది. "మా నాన్న దాన్నే కొలిచేవాడు," అన్నాడు చివరికి.

"మీ నాన్నకి విరిగిన భుజం ఎదురుపడి ఉండదు. దీన్ని కొలవండి."

అడ్డపట్టీ దిగింది. ఆగాల్సిన గీత దగ్గర ఆగలేదు. ఇంకా దిగి, రోసెందో భుజం మీద మెత్తగా కూర్చుంది. నూట నలభై అయిదు. ఉబాల్దో నమ్మలేక కుడి భుజం కూడా కొలిచాడు, నూట నలభై ఎనిమిది. వరసలో వాళ్ళు మెడలు సాచి కర్ర వైపు చూశారు.

"దీని ప్రకారమైతే ముప్పై ఒకటో విడత," అన్నాడు ఉబాల్దో మెల్లిగా. "అక్కడ నీకెవరూ తెలీదు. దానికన్నా ఎడమ వరసకి మారిపోతే కుడి భుజంతో మోయొచ్చు కదా, విడత మారక్కర్లేదు. కానీ ఆ వరసలో ఖాళీ లేదు. ఎవరో ఒకరు పోవాలి."

"అయితే ఎవర్నో ఒకర్ని చంపెయ్," అన్నాడు మాక్లోవియో. ఎవరూ నవ్వలేదు. అతను బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పాతదే రాసెయ్, ఉబాల్దో. ఎవరికి నష్టం? నేను మోస్తున్నాగా."

"అందుకే వద్దంటున్నా," అన్నాడు రోసెందో. "నా చోట్లో భుజం ఆనేవాడు నిలబడితే నీ మీద పడదు. పెద్ద లెక్కేం కాదిది, మాంసం కొట్టు దోన్యా చోనా కూడా చెబుతుంది."

"నా లెక్క నువ్వు వెయ్యకు."

"వేస్తా. మూడేళ్లు వెయ్యలేదు, అదే తప్పు. రేపు మూడింటికి నాతో చికిత్స గదికి వస్తున్నావు. అక్కడో అద్దం ఉంది, నీ వీపు నీకే చూపిస్తుంది. గోడని నెట్టడం నేను నేర్పిస్తాలే." ఉబాల్దో వైపు తిరిగాడు. "రాయండి. ముప్పై ఒకటి."

ఉబాల్దో వేరే పెట్టెలోంచి చీటీ తీసి రాశాడు. రోసెందో దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఏ చోటో, ముందెవరో, వెనకెవరో అడగలేదు. ఆ వీధంతా భుజం మీద నిజమైన బరువుతో నడవాలని మాత్రం ఉంది అతనికి. అది ఎలా ఉంటుందో మూడేళ్లలో మర్చిపోయాడు. ఎడమ చెయ్యి ముందు దూర్చి, తర్వాత కుడి చెయ్యి దూర్చి చొక్కా తొడుక్కున్నాడు. కొలత అయ్యాక ఇద్దరూ కలిసి మూల అంగట్లో వేడి జావ తాగడం ఆనవాయితీ. ఇవాళ అతను ఆగలేదు. ఆగితే మనసు మార్చుకుంటానని భయం వేసింది.

గుమ్మం దాకా వెళ్ళి ఒక్కసారి వెనక్కి చూశాడు. ఉబాల్దో కలం పట్టుకుని తర్వాతి మనిషిని పిలుస్తున్నాడు. పొడుగాటి కుర్రాడొకడు ముందుకొచ్చాడు. వాడి కొలత నూట నలభై ఎనిమిదే పలికింది. ఉబాల్దో చెయ్యి పదకొండో చీటీ వైపు పోయింది. బల్ల పక్కనే ఇంకా చొక్కా లేకుండా నిలబడి ఉన్న మాక్లోవియో చేతిలోని టోపీ తెచ్చి ఆ చీటీ మీద బోర్లించాడు.

"వాడికి ఇంకోటి చూడు," అన్నాడు. "ఇవాళ్టికి ఇది ఉండనీ."

రోసెందో వీధిలోకి దిగిపోయాడు. లోపల కొలత సాగుతూనే ఉంది, అడ్డపట్టీ లేస్తూ దిగుతూ ఉంది, ఒక్కొక్కరే వచ్చి పోతున్నారు. బల్ల మీద ఆ గడ్డి టోపీ, అంచు చిరిగి, పిండి మరకలతో, పేరు లేని చీటీ మీద అలాగే ఉంది.